నేను వేయని కేక

18 సెప్టెంబర్ 2011, ఆదివారం

తెలంగాణ కోసం సమ్మె మొదలై ఆరు రోజులైంది. గుమాస్తాలు ధర్నాలో, పంతుళ్ళు టెంట్లో, నేను ఇంట్లో. డిగ్రీ ఆఖరి సంవత్సరంవాడు పొద్దంతా గడపలో కూర్చుంటే చూడడం ఏ తండ్రికైనా కష్టమే. అందుకని నాయిన కళ్ళబడకుండా అటక మీది సామాను సర్దుతుంటే ఈ డైరీ దొరికింది. సెప్టెంబర్ దాకా అంతా ఖాళీ. ఇవాళ మాత్రం రాసుకోవాల్సిందే. రాసుకోకపోతే కడుపు ఉబ్బి చచ్చేట్టున్నాను.

జనగామ వాళ్ళను ఓడించాం!

మూడు ఊళ్ళ కంప్యూటర్ ఆట పోటీ ఇది. మా మానుకోట, జనగామ, భూపాలపల్లి. ఎవరి ఊరి నెట్ సెంటర్‌లో వాళ్ళు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తుపాకులు పేల్చుకోవడమే. జట్టుకు నలుగురు. వాళ్ళు బాంబు పెట్టడానికి వస్తే మేము కాపలా కాయాలి, మరుసటి ఆటలో మేము వెళ్తాం, వాళ్ళు కాస్తారు. మా జట్టులో నేను, సుదర్శన్, అమర్‌సింగ్, అకీల్. కెప్టెన్ ఎవరో రాయనక్కర లేదనుకుంటాను.

జూలైలో భూపాలపల్లి వాళ్ళ చేతిలో మా బతుకు కుక్కలు చింపిన విస్తరి అయింది. ఎవడికి తోచినవైపు వాడు ఉరికాడు. ఆ రోజే నియమం పెట్టాను. ఎవరి చోటు వాళ్ళది. నేను 'ఛోడో' అనేదాకా చచ్చినా కదలొద్దు. అన్న తర్వాత ఒక్క క్షణం నిలవొద్దు.

ఆ మాట అకీల్ ఇచ్చిందే. వాళ్ళ అబ్బా రహ్మాన్ చాచాది స్టేషన్ రోడ్డులో దర్జీ దుకాణం. చాచా గుడ్డ కత్తిరించేటప్పుడు అవతలి కొస వీడు పట్టుకుని నిలబడతాడు. 'ఛోడో' అనేదాకా వదలకూడదు. ముందే వదిలితే కత్తెర పక్కకు పోయి గుడ్డ పాడవుతుంది. ఏడేళ్ళ వయసు నుంచి పట్టుకుంటున్నాడు. ఇప్పుడు పంతొమ్మిది, కత్తెర కూడా పడుతున్నాడు. మా జట్టులో చోటు వదలకుండా నిలబడేవాడంటే వాడే.

ఇవాళ ఆఖరికి ముందు ఆటలో ముగ్గురూ చచ్చారు. బతికినవాడి తుపాకీ తర్వాతి ఆటకు మిగులుతుంది. నేనొక్కణ్ణే ఓ మూల నక్కి, మంచి తుపాకీ దాచుకుని, తర్వాతి ఆటలో దానితోనే గెలిపించాను. నెట్ సెంటర్ నడిపే కహ్కషాన్ ఆపా, అంటే అకీల్ వాళ్ళ అక్క, కౌంటర్ దగ్గర నుంచి చూసి నవ్వింది. "నీ ఫౌజుల చచ్చేటోళ్ళు చస్తరు. సర్దార్ మాత్రం మూలకు కూసుంటడు" అంది. కెప్టెన్ బతికుంటేనే జట్టు బతికినట్టు ఆపా అన్నాను.

23 సెప్టెంబర్

సుదర్శన్ మేనమామ బిక్షపతి సార్ సమ్మె కమిటీలో ఉన్నారు. సోమవారం గూడూరు రోడ్డు చౌరస్తాలో రాస్తారోకో. దవాఖానకు పోయే బండ్ల కోసం ఒక పక్క దారి వదలాలట. జనం అందులోకి రాకుండా పొడుగునా తాడు పట్టుకుని నిలబడే పిల్లలు కావాలన్నారు. మా టీమ్ ఉంది సార్, నేను చెప్పకుండా ఒక్కడు అడుగు తీయడు అన్నాను. సార్ నా భుజం తట్టారు.

తెలంగాణ కోసం నేను చేస్తున్న మొదటి పని ఇది. కంప్యూటర్ మీద మీటలు నొక్కడం కూడా ఎక్కడో ఒకచోట అక్కరకొస్తుందని నాయినకు సోమవారం తెలుస్తుంది.

26 సెప్టెంబర్, సోమవారం

అకీల్ చెయ్యి విరిగింది.

అంతా ఉన్నదున్నట్టు రాస్తాను. తాడు మొదట్లో సుదర్శన్, నడుమ అమర్‌సింగ్, చివర గూడూరు వైపు అకీల్. నేను పిండి గిర్ని అరుగు మీద. అక్కడినుంచైతే నలువైపులా కనిపిస్తుంది. ఆటలో ఎట్లనో ఇక్కడా గట్లనే, నేను ఛోడో అనేదాక కదలొద్దని ముగ్గురికీ చెప్పాను. చేతులు చెమటకు జారుతున్నాయంటే తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకోమన్నాను.

పదకొండు దాకా అంతా బాగా నడిచింది. డప్పులు, పాటలు, నడిరోడ్డు మీద వంటలు. ఒక పురిటి మనిషిని తీసుకుపోయే ఆటో మా దారిలోంచే వెళ్ళింది. బిక్షపతి సార్ నాకేసి చూసి చెయ్యెత్తారు. అప్పుడు ఎవడో పోలీసు బండ్లొస్తున్నయ్ అని కేకేశాడు. నిజానికి వచ్చింది పాల వ్యాను. కాని అది తెలిసేసరికి జనమంతా లేచి ఒకరి మీద ఒకరు పడుతూ ఉరికారు.

నేను 'ఛోడో' అని అరిచాను. రెండుసార్లు. సుదర్శన్, అమర్‌సింగ్ తాడు వదిలి ఉరికారు. అకీల్ వదల్లేదు. జనం తాడుకు తట్టుకుని వాడి మీద పడ్డారు. మణికట్టు, మూడు వేళ్ళు. కుడి చెయ్యి.

వరంగల్ తీసుకుపోయారు.

27 సెప్టెంబర్

రెండుసార్లు అరిచాను. ఆ గోలలో వాడికి వినపడి ఉండదు.

30 సెప్టెంబర్

అకీల్‌ను ఇంటికి తెచ్చారని తెలిసి ముగ్గురం వెళ్ళాం. మణికట్టులో కడ్డీ వేశారు. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే గాని కత్తెర పట్టడానికి వేళ్ళు ముడుచుకుంటాయో లేదో చెప్పలేమన్నారట. బక్రీద్ కుట్టుపని కుప్పగా పడి ఉంది. చాచా ఒక్కడే కత్తిరిస్తున్నాడు. గుడ్డ అవతలి కొసకు ఇటుక పెట్టుకున్నాడు.

నేను నోరు తెరవకముందే అకీల్ మొదలుపెట్టాడు.

"అన్న, నువ్వన్నది నాకు ఇనపడలే. మాఫ్ చెయ్యి. నీ మాట పోగొట్టిన."

నన్ను క్షమాపణ అడిగాడు. మంచం మీద కూర్చుని, చెయ్యి మెడకు వేలాడేసుకుని. నేను పర్లేదు అన్నాను. పర్లేదట! ఇంకే మాటా దొరకనట్టు.

సుదర్శన్ మాత్రం గట్టిగానే అన్నాడు, అంత పెద్దగా ఒర్లితే మాకెట్ల ఇనపడ్డది, నీకెట్ల ఇనపడలే అని. అమర్‌సింగ్ కూడా తలూపాడు. అకీల్ తల్లి లతీఫా బేగం చాయ్ కప్పు నా ముందు పెడుతూ, ఎప్పుడూ చెవులకు గా హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే చెవులుంటయా అని కొడుకునే తిట్టింది. ఆమె చాయ్ ఎప్పటిలాగే ఉంది, నేనే సగం వదిలేశాను.

ఒక సంగతి మాత్రం అర్థం కావడం లేదు. వాళ్ళిద్దరూ విన్నామంటున్నారు.

1 అక్టోబర్

విన్నామంటున్నారంటే నేను అరిచే ఉంటాను కదా.

4 అక్టోబర్

కరెంటు పొద్దున నాలుగు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు పోతోంది. బొగ్గు బాయిలు కూడా సమ్మెలో ఉన్నాయి మరి. భూపాలపల్లి జట్టులో అందరి తండ్రులూ బాయి మీద పనిచేసేవాళ్ళే. సమ్మె అయ్యేదాకా పోటీ వాయిదా అని కబురు పెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అకీల్ చోటులో ఎవణ్ణి పెట్టాలో తోచడం లేదు. నిన్న అమర్‌సింగ్ తండా నుంచి వాళ్ళ బావమరిదిని తెచ్చాడు. వాడు చోట్లో అరనిమిషం నిలబడలేడు. 'ఛోడో' అనాల్సి వచ్చినప్పుడు ఆ మాట అనలేక చేత్తో సైగ చేశాను. పక్క క్యాబిన్ గోడ వెనక ఉన్నవాడికి సైగ ఏం కనిపిస్తుంది?

ఆ రోజు సంగతి. రెండుసార్లు అని రాశాను. ఒకసారి గట్టిగా అరిచింది మాత్రం ఖాయం.

6 అక్టోబర్, దసరా

పాలపిట్టను చూసి, జమ్మి పంచుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అకీల్. ప్రతి ఏడూ వస్తాడు, ఈ ఏడూ వచ్చాడు. బంగారమని జమ్మి ఆకు నా చేతిలో ఎడమ చేత్తో పెట్టాడు. "ఎడమ చెయ్యి అనుకోకు అన్న" అన్నాడు. అలయ్ బలయ్ అని కౌగిలించుకుంటుంటే కట్టు మా ఇద్దరి నడుమ గట్టిగా తగిలింది. నాయిన చూసి, దోస్తంటే గిట్లుండాలె అన్నాడు.

లోపలికి పోయి తలుపు గొళ్ళెం పెట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానని ఈ కాగితం మీద తప్ప ఎక్కడా రాయలేను.

11 అక్టోబర్

పదిహేను రోజులుగా చౌరస్తావైపు పోకుండా చుట్టుతిరిగి పోతున్నాను. ఇవాళ నాయిన జొన్నలు పట్టించుకు రమ్మన్నాడు. గిర్ని అదొక్కటే తెరిచి ఉంది.

అరుగు కింద అండాలవ్వ పల్లీలు అమ్ముతుంది. నేను పుట్టకముందు నుంచీ అక్కడే. ఆ సాయిబుల పిలగాని చెయ్యెట్లున్నదని అడిగింది. బాగానే ఉందన్నాను. నేను పిలిచినా వాడికి వినపడలేదవ్వా అని కూడా అన్నాను. ఆమె అడగనే లేదు! నాకు నేనుగా అన్నాను.

అవ్వ పల్లీలు చెరగడం ఆపింది. కోపంగా చూడలేదు. అదే బాధ.

"నువ్వు నా ముంగటికెల్లే గిర్నిలకు ఉరికినవ్ బిడ్డా. నా గంప తన్నినవ్. నోరైతే తెరువలే."

జొన్నలు పట్టించకుండానే వచ్చేశాను. నాయిన అడిగితే గిర్ని మూసి ఉందన్నాను. ఇంకో అబద్ధం. ఒకదాని కాళ్ళు దాచడానికి ఇంకోటి కప్పుతూ పోతున్నాను.

12 అక్టోబర్

అరవలేదు.

13 అక్టోబర్

అరవలేదు. ఒక్కసారి కూడా. పోలీసులన్న మాట చెవిన పడగానే నా కాళ్ళు గిర్ని లోపలికి పోయాయి. పిండి బస్తాల వెనక కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. నాకు తుపాకీ లేదు, దాచుకోవడానికి. నన్నే దాచుకున్నాను. అక్కడ కూర్చుని అనుకున్న మాట కూడా రాసేస్తాను. కెప్టెన్ బతికుండాలి అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను. పాల వ్యానుకు భయపడి!

బయటికొచ్చేసరికి రోడ్డంతా చెప్పులు. అకీల్ కింద పడి ఉన్నాడు, తాడు ఇంకా చేతికి చుట్టుకునే ఉంది. నన్ను చూసి లేవడానికి చూశాడు. ఎందుకు వదల్లేదురా, ఛోడో అన్నా కదా అని ముందుగా అడిగింది నేనే. వాడు ఏడుస్తూ కూడా ఆలోచించాడు. విన్నానా, వినలేదా అని.

మరి సుదర్శన్, అమర్‌సింగ్ ఏం విన్నారు? నేను వేయని కేక ఇద్దరు ఎట్లా విన్నారు? తాడు వదిలి ఉరికింది వాళ్ళు కూడా. నేను అన్నానంటే వాళ్ళు మాట విన్న సిపాయిలు. అనలేదంటే నాలాంటివాళ్ళు. నా అబద్ధం వాళ్ళకూ అంతే అవసరం.

15 అక్టోబర్

ఇద్దరికీ చెప్పాను. మాట పెగుల్చుకోవడానికి మూడు చాయ్‌లు పట్టింది. నేను ఛోడో అనలేదు, అకీల్ తప్పేం లేదు అన్నాను.

సుదర్శన్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"నువ్వన్నవ్. నేనిన్న. ఇగ గా ముచ్చట తియ్యకు" అన్నాడు.

అమర్‌సింగ్ తన చెప్పుల వైపే చూస్తూ కూర్చున్నాడు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం, అన్నా, నేనూ ఇనలే, సుదర్శన్ ఉరికిండని ఉరికిన అని మెల్లగా నా చెవిలో చెప్పి పోయాడు.

నేను చెప్పడమైతే చెప్పాను. వాళ్ళు ఒప్పుకోకపోతే నేనేం చేయను? నా వంతు అయిపోయింది.

16 అక్టోబర్

నా వంతు అయిపోయిందని నిన్న రాసింది చదువుకున్నాను. చెప్పాల్సినవాడికి తప్ప అందరికీ చెబుతాననుకుంటా.

20 అక్టోబర్

కహ్కషాన్ ఆపా పిలిపించింది. కరెంటు లేదు, సెంటర్ ఖాళీ. కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పుతూ మాట్లాడింది. చెయ్యి చూపించుకోవడానికి వరంగల్ పోయినప్పుడు అకీల్ పట్టుబట్టి చెవుల పరీక్ష కూడా చేయించుకున్నాడట. బస్సులు లేని రోజుల్లో, ఆటోలో, కట్టుతో. డాక్టర్ చెవులు మంచిగా ఉన్నాయన్నాడు. వాడు సంతోషిస్తాడనుకుంటే ఆ రోజు నుంచి అన్నం సరిగా తినడం లేదు. చెవులు మంచివే అయితే, అన్న పిలిచినా కదలలేదంటే, నేను భయంతోని, బుగులుతోని బిగుసుకుపోయినట్టే గదా అంటున్నాడట. చేతికి కట్టు విప్పినా ఇక కత్తెర పట్టనంటున్నాడు. అట్లా చేతులు బిగుసుకుపోయేవాడు మంది గుడ్డలు పాడు చేస్తాడట.

ఆపా ఆఖరి కంప్యూటర్ మీద గుడ్డ కప్పి నావైపు తిరిగింది.

"బుగులైనోడు ఉరుకుతడు గని నిలవడ్తడా, ఎల్లేశ్?"

ఆమెకు తెలుసో తెలియదో నాకు తెలియదు. ఆటలో నేను మూల నక్కడాన్ని మూడేళ్ళుగా చూస్తున్న మనిషి. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. మళ్ళీ ఉరికాను, అంతే.

25 అక్టోబర్

నిన్న సమ్మె విరమించారు. రేపు దీపావళి. భూపాలపల్లితో ఆట ఆదివారం పది గంటలకు.

28 అక్టోబర్

అకీల్ ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు. ఆటలో చోటు అడగడానికి వచ్చాడేమో, ఎడమ చేత్తో ఆడతానంటాడేమో అనుకున్నాను. ఒకటే అడిగాడు. ఆదివారం పొద్దున్నే చౌరస్తా ఖాళీగా ఉంటుంది. వాడు ఆ రోజు నిలబడ్డ చోట నిలబడతాడు. నేను గిర్ని అరుగెక్కి, ఆ రోజు అన్నట్టే ఒకసారి అనాలి. వినపడుతుందో లేదో, కాళ్ళు కదులుతాయో లేదో చూసుకోవాలట.

"ఒక్కసారి అన్న. నా మనసు నిమ్మలమైతది."

సరే అన్నాను. అక్కడే, అప్పుడే చెప్పేయొచ్చు. నాయిన పక్క గదిలో ఉన్నాడని చెప్పలేదు. నాయిన లేడు. పొలానికి పోయాడు.

30 అక్టోబర్, ఆదివారం

ఆరున్నరకు పోయాను. అకీల్ అప్పటికే వచ్చి ఉన్నాడు. గూడూరు రోడ్డు మొదట్లో, కరెంటు స్తంభం పక్కన, సరిగ్గా ఆ చోటే. నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మొహం చూస్తే నోటి కదలికను బట్టి తెలిసిపోతుందట. అందులో కూడా మోసం ఉండకూడదనుకున్నాడు. కుడి చెయ్యి మెడకు వేలాడుతోంది. ఎడమ చెయ్యి తాడు పట్టుకున్నట్టే పిడికిలి బిగించి ముందుకు చాపాడు.

అరుగెక్కాను. ఇరవై అడుగుల దూరం కూడా లేదు. ఆ రోజు నాకు ఊరంత దూరం అనిపించింది.

నోరు తెరిచాను. రాలేదు. గార్ల వైపు పోయే లారీ ఒకటి మా మధ్య నుంచి వెళ్ళింది. ఒకామె పాలక్యాన్‌తో వచ్చి, మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది. వాడు కదల్లేదు. ఎంతసేపైనా కదలడు. మధ్యాహ్నం దాకా నేను నోరు మూసుకుని ఉంటే మధ్యాహ్నం దాకా నిలబడతాడు. ఆ వీపును చూస్తుంటే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే అన్నాను.

"ఛోడో."

కేక కాదు. పక్కనున్నవాడితో మాట్లాడినట్టే వచ్చింది. వాడి పిడికిలి వెంటనే విచ్చుకుంది. గిరుక్కున తిరిగి, నవ్వుకుంటూ నా దగ్గరికి ఉరికొచ్చాడు. నెల రోజులైంది ఆ నవ్వు చూసి.

"ఇనపడ్డది అన్న. గింత మెల్లగన్నా ఇనపడ్డది. కాళ్ళు గూడ కదిలినయ్." తర్వాత కొంచెం ఆలోచించి, ఆ రోజు డప్పులుండె, జనముండె, అందుకే ఇనపడలేదేమో అన్నాడు.

నాకు దారి కూడా వాడే చూపించాడు. అవునురా, డప్పులే అంటే అయిపోయేది. వాడి మనసూ నిమ్మలమయ్యేది, నా పరువూ మిగిలేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి నాకెంత కష్టమైందో రాయడానికి సిగ్గుపడను. దానికొక్కదానికి సిగ్గుపడను.

"ఆ రోజు నేను అన్లేదు అకీల్."

"ఒక్కసారి గూడ?"

"ఒక్కసారి గూడ అన్లే. గిర్నిల దాసుకున్న."

వాడు నా వెనక ఉన్న గిర్ని షట్టర్ వైపు చూశాడు. నన్ను చూడలేదు. తిడతాడేమో, కొడతాడేమో అని ఎదురుచూశాను. కొడితే బాగుండు అనుకున్నాను. వాడు ఎడమ చేత్తో కుడి చేతి కట్టు మీద మెల్లగా రాసుకున్నాడు. వేళ్ళ చివరలు కట్టులోంచి బయటికి కనిపిస్తున్నాయి. వాటిని ముడవడానికి ప్రయత్నించాడు. రెండు కొంచెం ముడుచుకున్నాయి. ఒకటి ముడుచుకోలేదు.

"అయితే నేను సరిగనే పట్టుకున్న" అన్నాడు. నాతో కాదు. ఆ చేతితో.

తర్వాత తలెత్తాడు.

"ఇయ్యాల అన్నవ్ గదా. ఇగ నేను పోత."

నన్ను 'అన్న' అనలేదు. చెప్పుల చప్పుడు కూడా లేకుండా స్టేషన్ రోడ్డువైపు నడిచాడు, దుకాణం తెరిచే వేళ అయింది. వెనక్కి తిరుగుతాడని మలుపు దాకా చూశాను. తిరగలేదు.

పది గంటల ఆటకు పోలేదు. సుదర్శన్ ఏడుసార్లు ఫోన్ చేశాడు. అండాలవ్వ వచ్చి గంప దించుకుంది, గిర్నివాడు వచ్చి షట్టర్ ఎత్తాడు, జనం జొన్నల సంచులతో నన్ను తప్పించుకుంటూ లోపలికి పోయారు. నేను అరుగు మీదే నిలబడి ఉన్నాను. నాకు 'ఛోడో' అనాల్సినవాడు వెళ్ళిపోయాడు.